నాలుగు ఈనెలు

లక్ష్మీతులసికి అన్నిటికంటే ఎక్కువ భయం, మొగుడి గురక ఆగిపోవడం.

ఈ మాట ఊళ్ళో ఎవరికి చెప్పినా నవ్వుతారు. గురక ఆగితే చాలని దేవుడికి దణ్ణం పెట్టుకునే ఆడవాళ్ళు వాళ్ళ వీధిలోనే నలుగురున్నారు. వాళ్ళకి గురకతో గొడవ. తులసికి గురక వినబడుతున్నంతసేపూ ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. ఆగిందంటే ఇంకేదీ వినబడదు.

ఉదయం ఎనిమిదిన్నరైంది. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా దిగి వచ్చిన వీరేంద్ర నూతి దగ్గర నాలుగు చెంబులు పోసుకుని, చద్దన్నంలో ఇంత మజ్జిగ కలుపుకుని తిని, వసారాలో నవారు మంచం మీద వెల్లకిలా పడ్డాడు. నడుం వాల్చిన రెండో నిమిషానికే గురక అందుకున్నాడు. తులసి మంచం పాదాల వైపు పీట వేసుకుని కూర్చుంది. ఎడమ పక్కన కొబ్బరాకుల మోపు, ఒళ్ళో చిన్న చాకు, కుడి పక్కన తీసిన ఈనెల గుట్ట. ఆకు మొదట్లో చాకు ఆనించి సర్రున లాగితే అటూ ఇటూ పచ్చదనం ఊడిపోయి సన్నటి ఈనె చేతికొస్తుంది. వారానికోసారి చీపుళ్ళు కట్టేవాళ్ళు వచ్చి మోపులు కట్టుకుని పట్టుకుపోతారు.

వీధిలో ఆడవాళ్ళంతా ఒక అరుగు మీద చేరి కబుర్లాడుకుంటూ ఈ పని చేసుకుంటారు. తులసి మాత్రం రెండేళ్ళుగా ఈ మంచం కాళ్ళ దగ్గరే. "మొగుణ్ణి అరక్షణం వదిలి ఉండలేదమ్మా, కొత్త పెళ్ళికూతురు" అని వాళ్ళలో అన్నపూర్ణ వేళాకోళం ఆడితే, "ఆయ్, అంతేనండి" అనేసి ఊరుకుంటుంది.

తన చేతి పనితోనే ఆమె ఒక కొలత కనిపెట్టుకుంది. ఒక ఈనె తీయడానికి తాను రెండు ఊపిర్లు పీల్చి వదులుతుంది. వీరేంద్ర గురక ఆగిన దగ్గర్నుంచి మళ్ళీ అందుకునేదాకా ఎన్ని ఈనెలు వస్తాయో, అదీ లెక్క. రెండేళ్ళ క్రితం ఒకటొచ్చేది. పోయిన వేసవికి రెండు. ఇప్పుడు మూడు, నాలుగు. నాలుగో ఈనె కూడా తీసేశాక ఇంకా శబ్దం లేకపోతే, చేతిలో ఉన్న ఈనెతోనే అతని అరికాలు మీద గీస్తుంది. అతను నీళ్ళలో మునిగి పైకి తేలినవాడిలా గట్టిగా గాలి లాక్కుని, "ఏంటే" అని గొణిగి, మళ్ళీ గురకలో పడతాడు. లేచాక ఒక్కటీ గుర్తుండదు.

"నేనెప్పుడు ఊపిరాపేనే? ఊపిరాపితే బతికుంటానా?" అంటాడు.

నిజమే మరి. తొమ్మిదో తరగతి మధ్యలో పుస్తకాలు అటక ఎక్కించిన మనిషి. నాన్న వలకి సాయం పట్టే చెయ్యి లేక మాన్పించేశారు. తన మాట మీద తనకే పూర్తిగా నమ్మకం లేదు.

మంగళవారం కూతురు మమతకి బరువు తూయించడానికి వెళ్ళినప్పుడు, ఏఎన్నెమ్ నిర్మలగారి దగ్గర ఈ సంగతి నోరు జారింది. నవ్వుతుందనుకుంది. నిర్మలగారు నవ్వలేదు. చేతిలో పని పక్కన పెట్టి, "పగలు కూర్చున్నచోటే కునుకుతాడా?" అని అడిగింది.

"కునుకుతారండి. మొన్న బండి మీదే కునికి కాలవ గట్టు గుద్దేసేరు. పుణ్యానికి గడ్డిలో పడ్డారు."

"లేచాక తలనొప్పంటాడా? మెడ లావుగా ఉంటుందా? పొగ తాగుతాడా?"

"పొగ మానేసేరండి. ఇప్పుడు ఆవిరి."

నిర్మలగారు దగ్గరికి జరిగి, "చూడమ్మా, డాక్టరుగారికి నువ్వు 'గురక ఆగిపోతోంది' అని చెబితే సరిపోదు. ఒక గంట కూర్చో. కాలు గీకకు. ఎన్నిసార్లు ఆగిందో, ఎంతసేపు ఆగిందో కాగితం మీద రాయి. మరీ భయమేస్తే లేపెయ్. కానీ రాయి" అంది.

అందుకని ఈ రోజు తులసి పక్కన ఒక పుస్తకం, పెన్ను, సెల్‌ఫోను కూడా ఉన్నాయి. పుస్తకం వీరేంద్రదే. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు ఎప్పుడు ఆగాయో, ఎప్పుడు తిరిగాయో రాసుకునేది. పాతది, సగం ఖాళీగా ఉందని అతనే ఇంట్లో పడేశాడు. ప్రతి పేజీకీ గీతలు కొట్టి మూడు గళ్ళున్నాయి: ఆగిన టైము, తిరిగిన టైము, కారణం. తెల్ల కాగితం వెతుక్కోవడం దేనికని అందులోనే రాయడానికి కూర్చుంది.

గోడ మీద మామగారు అప్పలరాజు ఫొటో. కళ్ళు చిన్నవి చేసి ఎండలోకి చూస్తున్నట్టుంటాడు. వేళ్ళ మధ్య లంక పొగాకు చుట్ట లేకుండా ఆ మనిషిని ఎవరూ చూడలేదట. నలభై నాలుగేళ్ళకే పోయాడు. ఇంటికి కొత్తవాళ్ళెవరొచ్చినా అత్తగారు పెద్దింట్లమ్మ ఆ ఫొటో చూపించి ఒకే మాట చెబుతుంది. "పుణ్యాత్ముడండీ. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. గురక పెట్టి పెట్టి నిద్దట్లోనే పోయేడు." వచ్చినవాళ్ళు, అలాంటి చావు అందరికీ వస్తుందా అండీ అని తలాడిస్తారు. కొడుకు గురక విన్నా ఆవిడకి మురిపెమే. "అచ్చం వాళ్ళ నాన్న. కష్టపడే ఒళ్ళు, నిద్దరలా పడుతుంది మరి."

వీరేంద్ర చుట్ట ముట్టలేదు. సిగరెట్లు. చెరువు గట్టున నిద్ర ఆపుకోవడానికి మొదలుపెట్టి రోజుకి పాతిక దాకా వెళ్ళాడు. మమత పుట్టినప్పుడు పిల్ల గుండెలు పిల్లికూతల్లా కూస్తుంటే, ఇంట్లో పొగ ఉండకూడదన్నారు. ఆ సాయంత్రం జేబులో పెట్టె తీసి పొయ్యిలో వేశాడు. మళ్ళీ ముట్టలేదు. పది రోజులు చేతులు వణికాయి, ఇంట్లో కంచాలు ఎగిరాయి, అయినా ముట్టలేదు. తులసి తన జీవితంలో అంత గొప్పగా ఎప్పుడూ తిరగలేదు.

తర్వాత మేత కంపెనీ తరఫున వచ్చే టెక్నీషియన్ ఒకాయన నీలం రంగు ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఇచ్చాడు. పెన్నంత ఉంటుంది. పీలిస్తే తెల్లగా వస్తుంది, మామిడిపండు వాసన. "పొగ కాదే ఇది, ఆవిరి. జలుబు చేస్తే మా అమ్మ పసుపేసి ఆవిరి పట్టమనదూ? అదే ఇది. గొంతుకి మంచిది" అన్నాడు వీరేంద్ర. పెద్దింట్లమ్మ కూడా అదే అనుకుంది. కొడుకు దగ్గరకొస్తే మామిడిపండు వాసనేస్తోందని ముచ్చటపడింది. అది చేతిలో లేకపోతే అతనికి పది నిమిషాలు గడవదని చూసింది తులసి ఒక్కతే.

తొమ్మిదైంది. ఫోనులో టైము చూసి, ఈనె చేతిలోకి తీసుకుంది.

9.02, ఆగింది. ఒకటి, రెండు, మూడు. అందుకున్నాడు. రాసింది. 9.04, ఆగింది. మూడు. 9.06. నాలుగు. కారణం అన్న గడిలో ఏం రాయాలో తోచక ఈనెల లెక్క రాసింది: "3 ఈనెలు", "4 ఈనెలు". గీకకుండా చూస్తుంటేగానీ తెలియలేదు, అది ఎంతసేపో. ఛాతీ ఎగురుతూనే ఉంది, పొట్ట లోపలికి లాగుతూనే ఉంది, కానీ గాలి మాత్రం వెళ్ళడంలేదు. లోపల ఎవరో తలుపు మూసి పట్టుకున్నట్టు. ఆ తలుపు తోసుకుని తోసుకుని చివరికి ఒక్కసారిగా, గర్రుమని. మళ్ళీ రెండు నిమిషాలు గురక. మళ్ళీ తలుపు.

9.41కి ఆగింది. నాలుగో ఈనె వచ్చింది. ఐదోది వచ్చింది. తులసి లేచి నుంచుంది, ఆకు మాత్రం వదల్లేదు. ఆరు. అతని పెదాలు నేరేడుపండు తిన్నట్టు రంగు తిరిగాయి. కాలు మీదికి చెయ్యి వెళ్ళింది. ఏడో ఈనె సగంలో ఉండగా అతని ఒళ్ళంతా కుదిపేసి గాలి లోపలికి దూసుకుపోయింది. తులసి పీట మీద కూర్చుని పెన్ను అందుకుంది. అంకె వంకరగా పడింది. "7 ఈనెలు."

పది కొట్టేసరికి లెక్కపెట్టింది. ఇరవై ఏడు సార్లు.

పెరట్లో ఎండేసిన చేపలు తిరగేస్తున్న పెద్దింట్లమ్మ, "ఏమ్మా తులసీ, ఇవాళ పరీక్షలు రాస్తన్నావా ఏంటి, పుస్తకం ముందేసుకుని?" అంది.

"ఆయ్, అవునత్తయ్యా" అంది తులసి. పుస్తకం కిటికీలో పెట్టి, వంగి అతని అరికాలు గట్టిగా గీకింది. తర్వాత వంటకి లేచింది.

మధ్యాహ్నం అంగన్‌వాడీ నుంచి మమతని తీసుకొచ్చేసరికి వీరేంద్ర లేచి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా, తల ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలో ఆ పుస్తకం. మొహం మీద నిద్ర లేదు, కంగారు ఉంది. చెవి దగ్గర ఫోను.

"సత్తియ్య బాబాయ్, నేను, వీరేంద్రని. మూడో చెరువా నాలుగో చెరువా, ఏదది? గంటలో ఇరవై ఏడు సార్లు ఏరేటర్ ఆగడమేంటి? నాకు ఫోన్ కొట్టాలా వద్దా?"

సత్తియ్య పగటి కాపలా మనిషి. అవతల్నుంచి అతని గొంతు వసారా అంతా వినిపించింది. "ఇరవై ఏడేంట్రా? అన్నీ తిరుగుతున్నాయ్. ఇప్పుడే గట్టంతా చూసొచ్చేను."

"మరి ఎవరో కిటికీలో పెట్టెళ్ళిన పుస్తకంలో రాసుంది కదా. కారణం దగ్గర నాలుగు ఈనెలు, ఏడు ఈనెలు అని రాసేరు."

"ఈనెలా? కొబ్బరాకులు గానీ కొట్టుకొచ్చి రెక్కలకి చుట్టుకున్నాయంటావా?"

"అదే నేనూ అనుకుంటున్నా. ఈ లెక్కన నీళ్ళలో గాలుంటదా బాబాయ్? తెల్లారేసరికి రొయ్య మొత్తం తేలిపోద్ది. ఆ మోటారు పీకించి మెకానిక్‌కి చూపించాల్సిందే. ఇయ్యాళే. రేపూ మాపూ అంటే కుదరదు."

తులసి గుమ్మంలో నిలబడిపోయింది. పిల్ల చెయ్యి వదిలింది. ఆమె ఏ ఎత్తూ వేయలేదు. ఆ పుస్తకం అతని కంటపడుతుందని కూడా అనుకోలేదు. కానీ రెండేళ్ళుగా తాను చెప్పలేకపోయిన మాట అతని నోటే, ఇంత స్పష్టంగా వినబడుతోంటే, ఇక ఆగలేదు.

"ఏవండీ. అది చెరువు కాదండి. అది మీరు."

వీరేంద్ర ఫోను చెవి దగ్గరే ఉంచుకుని ఆమె వంక చూశాడు.

"పొద్దున్న తొమ్మిదింటి నుంచి పదింటిదాకా మీ పక్కనే కూర్చుని రాసేను. మీ ఊపిరి ఆగిన టైము, తిరిగిన టైము. ఆగినప్పుడల్లా నేను ఎన్ని ఈనెలు తీసేనో కారణం దగ్గర రాసేను."

ఫోనులో సత్తియ్య, "ఎవర్రా, ఏ చెరువంట?" అంటున్నాడు. వీరేంద్ర ఫోను పెట్టేశాడు. మళ్ళీ పుస్తకం చూశాడు. వేలితో గళ్ళ వెంట కిందికి జారాడు. అతనికి ఆ గళ్ళు చదవడం వచ్చు. ఏడేళ్ళుగా చదువుతున్నాడు. గట్టు మీద ఎంత మొద్దు నిద్రలో ఉన్నా ఏరేటర్ చప్పుడు మారితే చాలు, లేచి జనరేటర్ దగ్గరికి పరిగెత్తేవాడు. చప్పుడు ఆగితే ఎంతసేపు ఆగొచ్చో, ఎంతసేపటికి ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

అయినా మగవాడు కదా. పుస్తకం మూసి, "నిద్దట్లో అందరూ అంతేలేవే. నీకు పనిలేక ఇదంతా" అని, నీలం గొట్టం కోసం జేబు తడుముకున్నాడు.

అప్పుడు పెద్దింట్లమ్మ పెరట్లోంచి వచ్చింది. చేతులకి ఇంకా చేపల ఉప్పు ఉంది. ఆవిడకి చదువు రాదు. పుస్తకం వంక చూడలేదు. కోడలి వంకే చూసింది.

"ఏడు ఈనెలంటే ఎంతసేపే?"

తులసి ఒక ఆకు తీసుకుని కింద కూర్చుని చూపించింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. మమత కూడా గోడకానుకుని చూస్తోంది. ఆరు. ఏడో ఈనె గుట్ట మీద పడ్డాక పెద్దింట్లమ్మ ఉప్పు చేతుల్ని చీరకి తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

"మీ నాన్నక్కూడా అంతేరా" అంది మెల్లగా, కొడుకుతో. "ఆగేది, మళ్ళీ గర్రుమని లేచేది. నాకు నిద్దర పట్టేది కాదు. విసుక్కునేదాన్ని. ఆ రోజు తెల్లారగట్ల ఆగింది. అమ్మయ్య, ఇప్పటికి సద్దుమణిగేడు అనుకున్నాను. అనుకుని, అటు తిరిగి పడుకున్నాను. హాయిగా నిద్దరపట్టింది."

పదకొండేళ్ళుగా పుణ్యాత్ముడని చెబుతూ వచ్చిన ఆ కథలో ఈ ముక్క ఆవిడ ఎవరికీ చెప్పలేదు. బహుశా తనకి తాను కూడా చెప్పుకోలేదు. వీరేంద్ర తల్లి మొహం చూశాడు, గోడ మీద ఫొటో చూశాడు.

"లే. చొక్కా తొడుక్కో" అంది పెద్దింట్లమ్మ. "మోటారు ఇయ్యాళే చూపించాలన్నావు కదా. ఇయ్యాళే చూపించు. బండి వద్దు, ఆటోలో వెళ్ళండి. పిల్లని నేను చూసుకుంటాను."

అమలాపురంలో ఛాతీ డాక్టరుగారు ముందు వీరేంద్ర నోరు తెరిపించి టార్చి వేసి చూశాడు, మెడ కొలిచాడు. తర్వాత పుస్తకం చేతికి తీసుకున్నాడు. చాలాసేపు చదివాడు. మధ్యలో ఒకచోట ఆగి, "ఈనె అంటే ఎన్ని సెకన్లమ్మా?" అన్నాడు.

"ఆరు అండి. ఫోన్లో చూసుకున్నాను."

"ఏం చదువుకున్నావు?"

"తొమ్మిదండి. పూర్తవ్వలేదు."

"ఇంత బాగా రాసి తెచ్చినవాళ్ళు నాకు ఈ ఏడాదిలో ఇంకొకళ్ళు లేరు" అన్నాడాయన. తులసి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. బల్ల కింద వీరేంద్ర మోచెయ్యి వచ్చి ఆమె మోచేతికి ఒక్కసారి తగిలి, వెనక్కి వెళ్ళింది.

నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుందని, రక్తంలో గాలి తగ్గుతుందని, ఏళ్ళ తరబడి అలా జరిగితే గుండె మీద పడుతుందని డాక్టరుగారు చెప్పాడు. మామగారి సంగతి తులసి అడిగితే, చూడకుండా చెప్పలేనమ్మా, అయ్యుండొచ్చు అన్నాడు. ఒక రాత్రి పడుకోబెట్టి పరీక్ష చెయ్యాలి, కాకినాడ వెళ్ళాలి. "పొగ తాగుతారా?"

"మానేసేనండి" అని, వీరేంద్ర జేబులోంచి నీలం గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదొక్కటి. ఆవిరే కదండి."

"ఆవిరి కాదు. ఇందులోనూ నికోటినే ఉంది, రసాయనాలున్నాయి. అసలిది మన దేశంలో అమ్మకూడదు కూడా. సిగరెట్టు పొగకి గొంతు లోపల పొర వాచి, గాలి దారి ఇరుకవుతుంది. దీని గురించి ఇంకా పరీక్షలు చేస్తూనే ఉన్నారు, వస్తున్న కబుర్లు మాత్రం మంచివి కావు. మీ జబ్బంతా దీనివల్లే అని నేననను. మెడ లావుంది, వంశంలో ఉన్నట్టుంది. కానీ ఇరుగ్గా ఉన్న తూములో మళ్ళీ మట్టెందుకు పోస్తారు? మానడం కష్టమైతే మందులున్నాయి."

తూము మాట వీరేంద్రకి ఎక్కింది.

"మానడం నాకొచ్చండి. ఒకసారి మానేను కదా" అన్నాడు. గొంతులో బడాయి లేదు. చేతనైన పని గురించి చెప్పినట్టు చెప్పాడు.

పరీక్షకి పిలుపు వచ్చేదాకా వెల్లకిలా పడుకోవద్దన్నారు. చెరువు యజమాని రమణబాబుగారు అతన్ని పగటి డ్యూటీకి మార్చాడు. ఇంట్లో మళ్ళీ పది రోజులు కంచాలు ఎగిరాయి. తులసి ఎగిరినవి ఏరుకుంటూ లోపల నవ్వుకుంది. ఈ వణుకు తాను ఎరిగినదే, దీని చివర ఏముంటుందో ఒకసారి చూసింది. పక్కకి తిరిగి పడుకోవడం మాత్రం అతని చేతిలో లేని పని. అందుకని పాత బనీను వీపు మీద జేబు కుట్టి, అందులో రాలిన కొబ్బరి పిందె ఒకటి పెట్టి నోరు కుట్టేసింది. వెల్లకిలా తిరిగితే పిందె వెన్నులో గుచ్చుకుంటుంది. "పెళ్ళాం అంటే ఇలా ఉండాలి. నిద్దట్లో కూడా పొడుస్తుంది" అన్నాడు వీరేంద్ర, అది తొడుక్కుంటూ.

పన్నెండో రోజున అతను కాకినాడ బయల్దేరాడు. సంచిలో లుంగీ, తువ్వాలు, ఆ పుస్తకం. మమత బుగ్గ నిమిరి, "వెళ్ళొస్తానే" అని బస్సెక్కాడు. అంతే. అతను పగటి డ్యూటీకి మారాక తులసి అతని ఊపిరి వినకుండా పడుకున్న రాత్రి అదొక్కటి.

తెల్లారి ఏడింటికి ఫోను వచ్చింది.

"తులసీ. నీ లెక్క ఇరవై ఏడు కదా? మిషను లెక్క గంటకి ముప్పై ఒకటి. నువ్వు నాలుగు వదిలేసేవు."

"వంట చూసుకోవాలా వద్దా మరి" అంది తులసి.

"సగం రాత్రయ్యాక ముక్కుకి ఒక గొట్టం తగిలించేరే. గాలి తోస్తానే ఉంటది. నాకూ ఏరేటర్ పెట్టేసేరన్నమాట." నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "కలొచ్చింది" అన్నాడు. "ఏం కలో గుర్తులేదు. కలొచ్చి ఎన్నాళ్ళయిందో. లేచేసరికి తల నొప్పి లేదు. ఎవరో నర్సమ్మగారు కాఫీ ఇస్తే కూర్చుని కిటికీలోంచి చూస్తా ఉన్నా, అంతే. ఏమీ చెయ్యలేదు. భలే ఉందే."

పెద్దింట్లమ్మ ఆ కబురు విని లోపలికి వెళ్ళింది. ఫొటో ముందు నుంచుని కాసేపు గాజుపలక తుడిచింది. తర్వాత బయటికి వెళ్ళి, ఉతికి ఆరేసిన బట్టలు తిరగేయడం మొదలుపెట్టింది. అన్నపూర్ణ అటుగా పోతూ ఆగి, వీపున బుడిపె ఉన్న ఆ బనీను వంక చూసి, ఇదేం మందమ్మా అని అడిగింది. పెద్దింట్లమ్మ ఒక్క ముక్క దాచకుండా మొత్తం చెప్పింది. తాను అటు తిరిగి పడుకున్న ఆ రాత్రి సంగతి కూడా. అన్నపూర్ణ నవ్వబోయి ఆగిపోయింది. సగం మాటలోనే కొంగు బిగించుకుని, మొగుడు పడుకుని ఉన్న తన ఇంటివైపు గబగబా నడిచింది.

ఎండెక్కింది. తీగ మీద ఆ బనీను, పిందె బరువుకి వీపు కిందికి సాగి, మెల్లగా ఊగుతోంది. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు గురకపెడుతూనే ఉండి ఉంటారు. ఈ కథ పక్కన పెట్టి, వాళ్ళ మంచం దగ్గరికి వెళ్ళి, ఓ నాలుగు ఈనెలు తీసేంతసేపు నుంచుని వినిరండి.